చదవడం రాని బాల్యాన్ని తెలుగులో రాయాలంటే

డిస్లెక్సియాతో, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందితో పెరిగిన పిల్లల గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా తోచేది "పేజీ మీద అక్షరాలు నాట్యం చేశాయి" అన్న వాక్యం. దాని వెనకే అద్దంలో తిరగబడ్డ అక్షరం వస్తుంది. చిత్తుప్రతిలో ఈ రెండూ ఉంటే కొట్టేయండి. అక్షరాలు కదిలినట్టు అనిపిస్తాయని కొందరు చెబుతారు, వాళ్ల మాట కాదనను. కానీ డిస్లెక్సియాలో అసలు ఇబ్బంది కంటిది కాదు. అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ ఆకారం ఏ ధ్వనిదో వెంటనే అందదు. అందినా, పక్కనున్న ధ్వనితో కలిపి మాట చేసేలోపు మొదటిది జారిపోతుంది. ఇక ఇంగ్లీషులో బీని డీగా రాయడం, చదువు మొదలుపెట్టిన పిల్లలు చాలామంది కొన్నాళ్లు చేసే పనే. దాన్ని తెచ్చి తెలుగు పలక మీద పెడితే అతకదు.

కన్నే కారణమన్న నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. ఈ ఇబ్బందిని తొలిరోజుల్లో పట్టించుకున్నవాళ్లలో కంటి వైద్యులు ఎక్కువ. 1887లో దీనికి ఈ పేరు పెట్టిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ కంటి నిపుణుడే. పిల్లల విషయంలో మొదటగా చెప్పుకునే కేసు 1896 నాటిది. ఇంగ్లండ్ డాక్టరు ప్రింగిల్ మోర్గాన్ 14 ఏళ్ల పెర్సీ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ అబ్బాయి తన పేరునే "ప్రెసీ" అని రాశాడు, తప్పు పడిందని గమనించలేదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో అందరికంటే చురుకైనవాడు వీడే అయ్యేవాడని అతని మాస్టారు అన్నాడట. రచయితకి కావాల్సిన సరుకు అక్కడుంది: చెవికి అన్నీ వస్తాయి, కాగితం మీద నిలవవు. మన విశాఖలో ఏ తల్లో స్కూలు గుమ్మంలో నిలబడి "మా గుంటడికి అన్నీ గుర్తుంటాయి మేష్టారూ, కాయితం మీదే రావు" అంటే, ఆవిడ చెబుతున్నదీ అదే.

తెలుగులో రాసినట్టే చదువుతాం. ఇటాలియన్, స్పానిష్, జర్మన్ కూడా చాలావరకు ఇలాంటివే. ఇలాంటి లిపుల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు మాటలు పూర్తిగా తప్పు చదవడం కంటే, సరిగానే కానీ చాలా నిదానంగా చదవడం ఎక్కువ. అందుకే ఎవరికీ అనుమానం రాదు. "వచ్చు గానీ బద్ధకం" అని తేల్చేస్తారు. కథలో పట్టుకోవాల్సింది ఈ నిదానాన్ని, తెలుగు బాల్యంలో గాయం దీనిదే. తప్పు చదివినవాణ్ణి దిద్దుతారు, నిదానంగా చదివేవాణ్ణి మాత్రం తిడతారు.

ఆ నిదానం ఎందుకో తెలియాలంటే లిపి లోపలికి వెళ్లాలి. సంప్రదాయంగా చెప్పే అక్షరాలు 56. ఒక్కో హల్లుకి గుణింతంలో 16 రూపాలు, అంటే ఒత్తులు కాకుండానే 500 పైచిలుకు ఆకారాలు. ప, వ, మ, ష, ఘ ఒక్క ఇంటివాళ్లలా ఉంటాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. న, స కూడా అంతే. వీటికి మించిన చిక్కు వరసది. "స్త్రీ" తీసుకోండి. స నెత్తిన గుడిదీర్ఘం కనిపిస్తుంది, కింద త ఒత్తు, దానితో పాటు క్రావడి. పలికేటప్పుడు గుడిదీర్ఘం అన్నిటికంటే చివర రావాలి. కంటికి ముందే దొరికినదాన్ని పట్టుకుని ఉంచి, కిందికి దిగి రెండు ఒత్తులూ పలికి, మళ్లీ పైకొచ్చి దీర్ఘం తీయాలి. బాగా చదివేవాళ్లకి ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది. మన పిల్లవాడు "సీ" అంటాడు, ఆగుతాడు, "సీత" అంటాడు, "సీతర" అంటాడు, తలెత్తి టీచర్ మొహం చూస్తాడు. అక్షరాలు నాట్యం చేశాయనడం కంటే ఈ మూడు అడుగులూ రాయడం మేలు. అయితే ఇలా విడగొట్టి చూపించడం కథ మొత్తంలో ఒకటి రెండు చోట్లే. ప్రతి పాఠాన్నీ గీతలు పెట్టి ముక్కలు చేస్తే చదివేవాళ్లు ఆ ముక్కల్ని దాటేసి వెళ్లిపోతారు, నిదానం వాళ్లని తాకదు.

మరి తర్వాత నిదానాన్ని ఎలా చూపించాలి? చుట్టూ జరిగేవాటితో. వాడు రెండో లైనులో ఉండగా మిగతావాళ్లు పేజీ తిప్పిన చప్పుడు. బోర్డు మీది పాఠం ఎక్కించుకునేటప్పుడు పక్కవాడు ఒక్కో మాటకి తల ఎత్తితే వీడు ఒక్కో అక్షరానికి ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ చోటు వెతుక్కోవాలి. అదే మాట రెండు లైన్లలో ఉంటే చూపు పొరపాటున కింది లైను మీద వాలుతుంది, మధ్యలో ఒక లైను నోట్సులోంచి మాయమవుతుంది. గంట కొట్టగానే బోర్డు తుడిచేస్తారు. ఇంటికొచ్చాక నోట్సు చూసిన నాన్నకి ఆ మాయమైన లైను అశ్రద్ధగా కనిపిస్తుంది. ఈ వరస తెలిసి రాస్తే "పాపం" అన్న మాట ఎక్కడా వాడనక్కర్లేదు.

గుణింతం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని పాడుకుంటూ నేర్చుకునే ఈ పద్ధతి డిస్లెక్సియాని చాలాకాలం దాచిపెడుతుంది. పాట చెవికి ఎక్కుతుంది కాబట్టి వాడు అందరికంటే గట్టిగా పాడగలడు. మధ్యలో ఆపి "కే" చూపించమంటే మొదటినుంచీ మనసులో పాడుకుంటూ అక్కడికి రావాల్సిందే. వాచకంలో పాఠం కూడా ఇలాగే నోటికి వచ్చేస్తుంది. వేలు ఒకచోట, నోరు ఒకచోట. నోరు వాక్యం ముగించేసరికి వేలు ఇంకా సగంలో ఉంటుంది. ఆ ఎడాన్ని మొదట కనిపెట్టేది ఎవరన్నది కథకి చాలా ముఖ్యం. నా మాటైతే, అది అక్కో పక్క బెంచీ స్నేహితుడో కావాలి, టీచర్ కాకూడదు. 50 మంది ఉన్న తరగతిలో టీచర్‌కి నోరు వినబడుతుంది, వేలు కనబడదు.

తప్పు చదవడాన్ని కల్పించేటప్పుడు చాలామంది ఏదో ఒక మాట పెట్టేస్తారు. నిజానికి పిల్లవాడు ఊహించి చదివేదానికి ఒక లెక్క ఉంటుంది: మొదటి అక్షరం, మాట పొడవు, అక్కడ ఏ మాట ఉండొచ్చన్న అంచనా. కాంప్లెక్స్ బస్టాండులో బస్సు బోర్డు మీద "విజయనగరం" ఉంటే "విశాఖపట్నం" అని చదవడం సహజం. రెండూ "వి"తో మొదలవుతాయి, రెండూ పొడుగే, చివర సున్న, రెండూ వాడు రోజూ వినే ఊళ్లు. "సముద్రం"ని "సమయం" అంటాడు, "చేప" అనడు. వీధిలో బతకడానికి వాడు వేరే గుర్తులు పెట్టుకుంటాడు: అంకె, రంగు, కండక్టర్ కేక. ఋషికొండలో దిగాల్సినవాడు 900కె కోసం చూస్తాడు, అది బీచ్ రోడ్డు మీదుగా పోతుంది. 999 కూడా భీమిలికే, కానీ మధురవాడ, ఆనందపురం మీదుగా. బోర్డు మీద "భీమిలి" ఒక్కటే గుర్తుపట్టి ఎక్కేశాడంటే ఋషికొండ రాదు. ఇది అడగడానికి వాడు ఎవరినీ పిలవడు. చదవడం రాదని తెలిసిపోతుంది కదా. ఒక పూట కథ ఇక్కడే దొరుకుతుంది.

వాక్యం స్థాయిలో తెలుగు ఇంకో పరీక్ష పెడుతుంది. మనకి క్రియ చివర వస్తుంది. "నిన్న సాయంత్రం అక్క నాయనమ్మతో కలిసి పూర్ణా మార్కెట్‌కి వెళ్లలేదు" అన్న వాక్యంలో అసలు సంగతి ఆఖరి మాటలో ఉంది. నిదానంగా చదివేవాడు అప్పటిదాకా అక్కనీ నాయనమ్మనీ మార్కెట్‌నీ మోసుకురావాలి. "వెళ్ల" దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది, "వెళ్లింది" అని ఊహించి ముగిస్తాడు. జవాబు తలకిందులవుతుంది. "కింది వాటిలో సరికానిది ఏది" లాంటి ప్రశ్నలు అందుకే ప్రాణం తీస్తాయి. రచయిత ఈ ఇబ్బందిని పాఠకుడికి కూడా తగిలించొచ్చు. పరీక్ష సన్నివేశంలో మాత్రం వాక్యాన్ని పొడవుగా సాగదీసి, వ్యతిరేకాన్ని ఆఖరున పెట్టండి. మిగతా చోట్ల చిన్న వాక్యాలు రాయండి. పిల్లవాడు మాట్లాడేచోట వాక్యం హాయిగా, పొడవుగా, పలుకుబళ్లతో పరుగెత్తనివ్వండి. మాటలో వాడికి ఏ లోటూ లేదని ఆ తేడాయే చెబుతుంది.

ఇప్పుడు రాతలో తప్పులు. ఇక్కడే ఎక్కువ రచనలు చెడిపోతాయి. కథకుడి వాక్యాల్లో తప్పులు పెట్టకూడదు, సంభాషణల్లో అసలే వద్దు. పిల్లవాడు చేత్తో రాసిన కాగితం కథలోకి వచ్చినప్పుడే తప్పులు రావాలి: డిక్టేషన్ నోట్సు, సెలవు చీటీ, పలక. ఒక్కోసారి నాలుగైదు మాటలు చాలు. వాటిలో లిపికి సంబంధించిన తప్పులు ఉండాలి. "చెట్టు"లో ఒత్తు పోయి "చెటు" అవుతుంది. "పండు"లో సున్న పోయి "పడు" అవుతుంది. "పూలు"లో కొమ్ముదీర్ఘం కురచై "పులు" అవుతుంది. "మాస్టారు"లో ఒత్తు విడిపోయి "మాసటారు" అవుతుంది. "కాలవ" తిరగబడి "కావల" అవుతుంది. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, ఒకే పేజీలో ఒకే మాట మూడు రకాలుగా ఉండటం: చెటు, చెట్టూ, చటు. ప్రతిసారీ ఒకేలా తప్పు రాసేవాడు ఆ మాటని తప్పుగా నేర్చుకున్నాడని అర్థం. ప్రతిసారీ కొత్తగా తప్పు రాసేవాడికి ఆ మాట రూపం నిలవలేదని అర్థం.

ఏవి గుర్తులు కావో కూడా తెలియాలి. "బాష", "అర్దం", "క్రిష్ణ", "విధ్య" లాంటివి చదువుకున్న పెద్దవాళ్లూ రాస్తారు. మామూలు మాటల్లో మహాప్రాణాలు (భ, థ, ధ లాంటివి) అంతగా పలకం, "కృ"ని "క్రి" లాగే పలుకుతాం కాబట్టి చెవి వాటికి సాయం చేయదు. వీటిని పెట్టి డిస్లెక్సియా అనిపించాలని చూస్తే పాఠకుడు మామూలు అచ్చుతప్పులనుకుంటాడు. మన ఉత్తరాంధ్రలో మరో జాగ్రత్త కావాలి. ఇంట్లో "సూడు", "సెప్పు", "ఏటి", "వచ్చీసేడు" అనే పిల్లవాడు నోట్సులో "సూడు" అని రాస్తే, వాడు విన్నదాన్ని చక్కగా అక్షరాల్లో పెట్టాడన్నమాట. చెవికీ చేతికీ మధ్య దారి బాగుంది. డిస్లెక్సియా ఉన్నవాడి నోట్సులో అదే మాట "చడు", "సుడ", "చుడూ" అని ఉంటుంది. ఈ రెండిటికీ ఒకే ఎర్ర గీత పడుతుంది. కంచరపాలెంలోనో గాజువాకలోనో జరిగే కథలో యాసకి పడిన ఎర్ర గీతనీ దీనికి పడిన ఎర్ర గీతనీ పాఠకుడు వేరుగా చూడగలిగితే, రచయిత ఇద్దరు పిల్లలకి న్యాయం చేసినట్టు.

ఈ తప్పులు అచ్చుదాకా బతకడం మరో గొడవ. ఫోన్ కీబోర్డు "చెటు" కొట్టగానే "చెట్టు" చేసేస్తుంది, సూచనలు ఆపేసి టైపు చేయండి. ప్రూఫులు చూసేవాళ్లు మంచి మనసుతో అన్నీ దిద్దేస్తారు. కావాలని రాసిన తప్పులన్నిటినీ పేజీ నంబరుతో విడిగా ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. పిల్లవాడు కొమ్మునో ఒత్తునో అక్షరం నుంచి విడదీసి రాసినట్టు చూపాలంటే యూనికోడ్‌లో మామూలుగా టైపు చేస్తే కుదరదు, ఆ గుర్తు పక్కన చుక్కల సున్న వచ్చేస్తుంది. అలాంటిచోట చేతిరాత బొమ్మ పెట్టడమో, "కొమ్ము పక్క గడిలో పడింది" అని మాటల్లో చెప్పడమో చేయాలి.

పెద్దల నోటి మాటల్లో నన్ను బాగా కలవరపెట్టేది "చదవడు". వీడు చదవడు అంటే చదవడం లేదనీ అవుతుంది, చదవడానికి ఒప్పుకోడనీ అవుతుంది. "చదవలేడు", "వీడికి చదవడం రావట్లేదు" అన్న వాక్యాలు మన వ్యాకరణంలో సిద్ధంగానే ఉన్నాయి, ఇంట్లో ఎవరూ వాడరు. నేరమంతా ఆ ఒక్క క్రియారూపంలో పిల్లవాడి మీదికి వెళ్లిపోతుంది. కథలో తండ్రి, టీచర్, ట్యూషన్ అన్నయ్య అందరూ "చదవడు" అంటూ ఉండగా ఎవరో ఒకరు మొదటిసారి "రావట్లేదు" అంటే, అదే మలుపు. ఉపన్యాసం అక్కర్లేదు. అలాగే భూతకాలం విషయంలో: "రోజూ తిట్టేవారు, రోజూ ఏడ్చేవాడు" అంటూ రాస్తే ఏళ్లన్నీ ఒకేలా సాగిపోతాయి, ఏ రోజూ కనబడదు. ఒక మంగళవారం, ఒక పాఠం, "తిట్టారు", "ఏడ్చాడు" అని రాయండి. "తిట్టేవారు" అన్న రూపాన్ని, ఆ రోజుల్ని అలవాటుగా మోయడం నేర్చుకున్నాక వచ్చే పేజీలకి దాచండి.

కాలం లెక్క కూడా సరిచూసుకోవాలి. 1980ల నాటి వాల్తేరు బడిలో టీచర్ నోట "డిస్లెక్సియా" పెడితే నమ్మడం కష్టం. అప్పటి మాటలు మొద్దు, మట్టిబుర్ర, "చదువు అబ్బలేదు". 1995 నాటి వికలాంగుల చట్టంలో ఇది లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికి వస్తుంది. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చేది 8 ఏళ్లు నిండాకే, మళ్లీ 14కి, 18కి పరీక్ష చేయాలన్నారు. అంటే ఆ మార్గదర్శకాల నాటి కథలోనైనా ఒకటి, రెండు తరగతుల పిల్లవాడి చేతిలో సర్టిఫికెట్ ఉండదు. సహాయం ఉన్నచోటా సన్నివేశం ఉంది. గంటకి 20 నిమిషాలు అదనం చొప్పున, మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు దొరికాయనుకోండి. మిగతావాళ్లంతా లేచి వెళ్లిపోయాక ఖాళీ హాల్లో రాయడం ఏమిటో ఆ వయసు పిల్లల వైపు నుంచి ఆలోచించండి. స్క్రైబ్‌కి, అంటే తన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషికి, జవాబు చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఎక్కడ ఆగాలి, రాసే మనిషి వెనకబడితే తన ఆలోచన తెగకుండా ఎలా పట్టుకోవాలి అన్నది ముందు ఇంట్లో సాధన చేయాలి.

విశాఖ పిల్లలకి మూడు లిపులు తప్పవు. ఒకే పిల్లవాడు మూడిటిలో మూడు రకాలుగా తడబడతాడు. తెలుగులో నిదానం, ఒత్తుల దగ్గర జారడం. ఇంగ్లీషులో స్పెల్లింగుకీ పలుకుకీ పొంతన తక్కువ కాబట్టి ఊహించి చదవడం ఎక్కువ. హిందీలో హ్రస్వ ఇకారం గుర్తు అక్షరానికి ముందు రాసి తర్వాత పలకాలి, అక్కడ వరస తిరగబడుతుంది. "అన్ని భాషల్లోనూ ఫెయిలయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా ఏ పేపర్లో ఏ తప్పో చూపిస్తే మార్కుల కార్డు కూడా పాత్ర పరిచయం అవుతుంది.

చివర్లో పిల్లవాడు గొప్ప చిత్రకారుడో శాస్త్రవేత్తో అయిపోయే ముగింపు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. చదవడం రాకపోవడాన్ని క్షమించడానికి ప్రతిభ చూపించాలన్న షరతు అందులో ఉంది. హార్బర్‌లో పనికి వెళ్లి, జీతం కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండుసార్లు చూసుకునే మనిషి బాల్యం కూడా పూర్తి కథే. పెద్దయ్యాక నిదానం తగ్గొచ్చు, పోదు. కథలోని పెద్దమనిషి ఇప్పుడు ఎలా చదువుతాడో, ఫోన్‌లో వాయిస్ మెసేజీలే ఎందుకు పెడతాడో, ఫారం నింపాల్సి వస్తే "కళ్లజోడు మర్చిపోయాను, కొంచెం రాసిపెడతావా బాబూ" అని ఎవరిని అడుగుతాడో చెప్పండి.

రాసింది వాళ్లు చదవగలిగేలా పెట్టడం కూడా రాయడంలో భాగమే. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచన 12 నుంచి 14 పాయింట్ల అక్షరం, లైన్ల మధ్య ఒకటిన్నర ఎడం, ఎడమవైపు మాత్రమే సరిచేసిన పేరాలు. తెలుగుకి ఆ ఒకటిన్నరకి కొంచెం ఎక్కువే పెట్టండి. పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడితే ఏది ఎవరిదో తెలియదు. రెండువైపులా సరిచేస్తే మన పొడవైన మాటల వల్ల మధ్యలో పెద్ద ఖాళీలు వస్తాయి, చూపు వాటిలోంచి కింది లైనుకి జారుతుంది. ఇంత చేశాక కూడా చిత్తుప్రతిని డిస్లెక్సియాతో పెరిగిన ఇద్దరు ముగ్గురికి వినిపించాలి. ఫైలు పంపి చదవమనకండి. మీ గొంతుతో రికార్డు చేసి, ఒక్కో అధ్యాయం ఒక్కో ఆడియోగా వాట్సాప్‌లో పంపండి. "బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు. "ఇందులో ఆ గుంటడు చేయని పని ఏదైనా వాడిచేత చేయించానా" అని అడగండి. జవాబు కూడా వాయిస్‌లోనే పంపమనండి.